కేప్టెన్ గారి మంగళవారం

కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ సాగదీసి, బొటనవేలి గోరు మీద ఆనించి చూసుకుని, పైడయ్య మళ్ళీ పట్టీ మీదికే తెచ్చాడు. కత్తి అప్పటికే కావలసిన దానికన్నా పదునుగా ఉంది. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, అంతే.

“అలగే సానబట్టు. మద్దేన్నానికి పిడి మిగుల్తాది,” అంది వరహాలమ్మ, వేణ్ణీళ్ళ తపేలా గడప లోపల దించుతూ.

“నీకేటి తెలుసు?”

“నాకేటీ తెలీదు. తెలిసుంటే ఈ ఇంటికి కోడలుగా ఎందుకొత్తాను?”

ఈ మాట ఆవిడ పెళ్ళయిన నాటినుంచీ అంటోంది. ఎన్నిసార్లు అన్నా అప్పుడే తట్టినట్టు అంటుంది. అనేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, వెనకవైపు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ గారెల పిండి ఆవిడ కోసం కాచుకుని ఉంది.

దుకాణం ఫిషింగ్ హార్బరు గేటుకి ఎదురుగా, ఐసు ఫ్యాక్టరీ గోడకి చేరగిలబడి ఉంటుంది. గోడ తప్పుకుంటే దుకాణం పడుకుంటుందని అందరికీ తెలుసు. లోపల ఒక అద్దం, అద్దంలో నిలువునా ఒక పగులు. ముక్కు సరిగ్గా పగులు మీదకి రాకుండా కూర్చోవడం పాతవాళ్ళకి అలవాటైపోయింది. టేకు కుర్చీ ఒకటి. దానికి తల ఆన్చుకునే చెక్క పైకీ కిందికీ జరుగుతుంది, ఒక్కోసారి ఎవరూ జరపకుండానే జరుగుతుంది. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి గోడవారన ఒక బల్ల. సబ్బు వాసనా, పటిక వాసనా, ఆ రెంటినీ బొత్తిగా లెక్కచెయ్యని చేపల వాసనా.

పైడయ్యకి అరవై దాటాయి. బక్కపలచటి మనిషి. ఇన్నేళ్ళూ వంగి వంగి పనిచెయ్యడం వల్ల మెడ ముందుకొచ్చేసి, ఎప్పుడూ ఎవరి చెవిలోనో రహస్యం చెప్పబోతున్నట్టు కనిపిస్తాడు. కంటికి కాస్త పొర వచ్చింది గాని, చేతులకి మాత్రం ఇంకా వయసు రాలేదు.

మంగళవారం క్షవరం దుకాణాలకి సెలవు. విశాఖపట్నంలోనే కాదు, పైడయ్యకి తెలిసినంత మేరా అంతే. పైగా ఇవి మహాలయ పక్షం రోజులు. పెద్దలకి పెట్టుకునే ఈ పక్షంలో నియమం ఉన్నవాళ్ళు గెడ్డం జోలికి పోరు. మంగళవారమూ పక్షమూ కలిసిన రోజున కత్తి పట్టేవాడూ ఉండకూడదు, ముఖం అప్పగించేవాడూ ఉండకూడదు. అయినా ఇంకా చీకటి విడకముందే హార్బరు జనం ఐసు ఫ్యాక్టరీ గోడ పొడవునా బారుతీరి కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఏడాదికి ఈ ఒక్కరోజు పైడయ్య దుకాణంలో గెడ్డం ఉచితం. గెడ్డం గీయించుకున్న ప్రతివాడికీ వరహాలమ్మ చేతి గారెలు రెండు. దీన్ని కేప్టెన్ గారి మంగళవారమంటారు.

కేప్టెన్ భీమశంకరరావు గారిది విజయనగరం. వెనకటి పెద్ద యుద్ధంలో, సింగపూరులో, ఆయన దళానికి పైడయ్య క్షురకుడు. సింగపూరు జపానువాళ్ళ చేతికి చిక్కినప్పుడు దళమూ చిక్కింది, కేప్టెనూ చిక్కాడు, కత్తుల పొదితో సహా పైడయ్యా చిక్కాడు. పొది లాక్కున్నారు. తరవాత అందరినీ ఓడ అడుగున కుక్కి ఏదో దీవికి తోలుకుపోయారు. ఆ దీవి పేరు పైడయ్యకి ఈనాటికీ నోరు తిరగదు. తిరిగి వచ్చినవాళ్ళలో పైడయ్య ఉన్నాడు. కేప్టెన్ గారు లేరు.

ఆయన పోయిన తేదీ పైడయ్యకి తెలియదు. చెరలో జపానువాళ్ళు కేలండరు ఇవ్వలేదు, పంచాంగం అసలే ఇవ్వలేదు. సెలవు రోజు లెక్క ఎప్పుడూ తప్పనివ్వలేదు గనక మంగళవారమని మాత్రం తెలుసు. తిథి తెలియనివాళ్ళకి పక్షంలో పెట్టుకోవచ్చని ఒక గుడి పంతులుగారు చెప్పారు. ఆయన చెప్పింది తద్దినం సంగతి. పైడయ్య కొడుకు కాడు, కులంవాడు కాడు, మంత్రం రాదు. వచ్చింది గెడ్డం గీయడం. పక్షంలో వచ్చే మొదటి మంగళవారం ఆ పనే పెట్టుకున్నాడు. పంతులుగారికి ఈ సంగతి తెలిసి రెండు చెవులూ మూసుకున్నారు.

తరవాతి కథ హార్బరు వాళ్ళు తయారుచేసుకున్నదే. ఒక ఏడు ఎర్రయ్య అనే బోటువాడు ఈ మంగళవారం గెడ్డం గీయించుకుని వేటకెళితే బోటు నిండా టైగర్ రొయ్యలు పడ్డాయి. అంతే. మరుసటి ఏడు నుంచి కేప్టెన్ గారు గంగమ్మ తల్లికి దగ్గర చుట్టమైపోయాడు. గెడ్డం సరిగా మొలవని కుర్రాళ్ళు కూడా బుగ్గలు చూపించి “ఊరికే కత్తి ఆనించీ తాతా” అని బతిమాలతారు.

అద్దం పైన పటం ఉంది. పటానికి బంతిపూల దండ. పటంలో ఖాకీ రంగు కోటు వేసుకున్న మనిషి నున్నటి గెడ్డం తడుముకుంటూ నవ్వుతున్నాడు. హార్బరంతా ఆయనకి దణ్ణం పెట్టి కుర్చీ ఎక్కుతుంది. ఆయన కేప్టెన్ భీమశంకరరావు కాడనీ, బ్లేడ్ల కంపెనీ కేలండరు మీది దొరబాబనీ తెలిసినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే. ఒకరు పైడయ్య. రెండోవారు వరహాలమ్మ. కేప్టెన్ గారి ఫోటో పైడయ్య దగ్గర లేదు. దండ తెచ్చాక వెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని, దొరికిన వాళ్ళలో శుభ్రంగా గెడ్డం గీసుకున్న మనిషిని చూసి తగిలించాడు.

ఇన్నేళ్ళూ దానివల్ల ఏ చిక్కూ రాలేదు. ఇవాళ వస్తోంది. ఇవాళ కేప్టెన్ గారి చెల్లెలు గౌరీశ్వరి గారు వస్తున్నారు.

పోర్టు ఆఫీసులో గుమాస్తా నరసింహమూర్తి వాల్తేరులో ఆవిడ ఇంట్లోనే అద్దెకుంటాడు. కాకినాడ వైపు మనిషి. ఆయనకి ఏ సంగతీ కడుపులో ఆగదు. ఒక సాయంత్రం హార్బరు దగ్గరి వింత క్షురకుడి గురించి ఆవిడకి చెబుతుంటే, ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, “ఏం పేరన్నారూ?” అని మళ్ళీ అడిగారు. పక్షంలో వచ్చే మంగళవారం తానే వస్తానని కబురు పంపారు.

ఆ కబురు విన్నప్పటినుంచీ పైడయ్య నూరిన కత్తే మళ్ళీ మళ్ళీ నూరుతున్నాడు. అది పటం వల్ల కాదు. పైడయ్య దగ్గర కేప్టెన్ గారి కథలు బోలెడున్నాయి. ఏ కథ ఎప్పుడు చెబుతాడో గోడవారన కూర్చునే వాళ్ళకి కంఠతా వచ్చు. ఎవరికీ చెప్పనిది ఒక్కటే ఉంది. అది ఈ చెల్లెలి చిన్నతనం గురించి కేప్టెన్ గారు చెప్పిన కథ. దొర టోపీ, ఆముదం, ఆరేళ్ళ గౌరి. అది సగంలో ఆగిపోయింది. మిగతా సగం తెలిసిన మనిషి భూమ్మీద ఈవిడ ఒక్కతే. యుద్ధం నుంచి రాగానే పైడయ్య విజయనగరం వెళ్ళాడు కూడా. ఇల్లు అమ్మేసి కటకం వెళ్ళిపోయారన్నారు. అప్పటినుంచీ ఆ సగం కథ పంటి కింద ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది.

అడగాలి. కానీ అడగాలంటే కథ ఎక్కడ ఆగిందో చెప్పాలి. ఎందుకు ఆగిందో కూడా చెప్పాలి. అది తోడబుట్టినదానికి ఎలా చెప్పడం?

మొదట కుర్చీ ఎక్కింది ఎర్రయ్యే. అతని గెడ్డం నిండా ఉప్పు.

“ఏటి పైడయ్య బావా, కత్తి అంత నూరీసినావేటి? నా పీక జాగర్త. రేప్పొద్దున్న ఏటకెల్లాల.”

“నీ పీక ఉంటే ఏటి, పోతే ఏటి. రొయ్యలకి నీ పీకతో పనేటి?”

గోడవారన నవ్వులు. ఎర్రయ్య కూడా నవ్వబోయి, కత్తి గుర్తొచ్చి పెదాలు బిగించాడు.

“మంగళారం కత సెప్పు బావా. అది ఇనకపోతే గెడ్డం గీసినట్టుండదు.”

పైడయ్య సబ్బు నురగ పట్టించాడు. కత్తి గెడ్డం మీద ఆనగానే మాట దానంతట అదే వచ్చింది. చెరలో కేప్టెన్ గారు రోజూ గెడ్డం గీయించుకునేవాడు. తిండికి పిడికెడు బియ్యం, కట్టుకోడానికి గోచీ, కానీ గెడ్డం మాత్రం గీయాల్సిందే. “వాళ్ళు పట్టుకున్నది నన్నురా, నా గెడ్డాన్ని కాదు” అనేవాడు. సబ్బు లేదు, బూడిద నీళ్ళు. కత్తి లేదు, విరిగిన రంపపు రేకుని రాతి మీద నూరి నూరి పైడయ్య చేసుకున్నదే కత్తి. అన్నిటికీ సరే అన్న పైడయ్య మంగళవారం దగ్గర మొరాయించాడు.

“‘బావూ, ఇయాల మంగళారం’ అన్నాను. ‘అయితే?’ అన్నాడు. ‘మా తాత ముట్టనేదు, మా అయ్య ముట్టనేదు, నాను కత్తి ముట్టను’ అన్నాను. ‘జపానువాడు నీకు మంగళవారం సెలవిచ్చాడా?’ అన్నాడు. ‘నేదు బావూ’ అన్నాను.”

తరవాతి మాట గోడవారన కూర్చున్న అందరూ ఒక్కగొంతుతో అందుకున్నారు. “వాడివ్వని సెలవు నేనెలా ఇస్తాన్రా? నేనూ వాడి కిందే ఉన్నాను. గీయి!”

ఎర్రయ్య పటిక రాయించుకుని, నున్నటి బుగ్గలు తడుముకుని, పటానికి దణ్ణం పెట్టాడు. “మళ్ళీ ఏటికి ఉక్కు ఫ్యాక్టరీ వచ్చీసేలాగ సూడు కేప్టెను బావూ. మా తమ్ముడు బూవిచ్చీసి కూకున్నాడు, ఉజ్జోగం అంతన్నారు, ఆడి గెడ్డం నెరిసిపోతన్నాది.”

“ఆ పని కేప్టెను బావు వల్ల కాదు,” అన్నాడు పైడయ్య. “జపానోడి కన్నా పెద్దోళ్ళు ఉన్నారక్కడ.”

ఎండ ఐసు ఫ్యాక్టరీ గోడ మీదికెక్కే వేళకి నరసింహమూర్తి సైకిలు దిగాడు. పక్షం నియమం వల్ల గెడ్డం మాసి ఉంది. అందరి నున్నటి ముఖాల మధ్య తానొక్కడే నేరస్థుడిలా కనిపిస్తున్నానని ఆయనకే అనిపించి, రుమాలుతో సగం ముఖం కప్పుకున్నాడు.

“వచ్చేస్తున్నారండి. రిక్షాలో వెనకాలే ఉన్నారు. కాస్త ఆ చేపల గంప అవతల పెట్టించండి బాబూ.”

“సేపల హార్బరులో సేపల గంప ఎక్కడెట్టమంతారు పంతులుగారూ? వాల్తేరులోనా?” అన్నాడు ఎర్రయ్య.

రిక్షా ఆగింది. తెల్లజుట్టు ముడి, లేతనీలం నేత చీర, చేతిలో నల్ల సంచి. యాభై అయిదు దాటిన మనిషి చిన్నపిల్లలా రిక్షాలోంచి కిందికి గెంతినంత పని చేశారు గౌరీశ్వరి గారు. బారు చూసి, “ఇంతమంది ఉన్నారు, కిరోసిన్ ఇస్తున్నారా ఇక్కడ?” అని అడిగారు.

“గెడ్డాలమ్మా,” అని గోడవారన ఎవరో అన్నారు.

పైడయ్య చేతులు కట్టుకుని గడపలో నిలబడ్డాడు. పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆవిడ లోపలికి వచ్చి, ఒక్కసారి చుట్టూ చూసి, పటం దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు సవరించుకున్నారు. దగ్గరికి వెళ్ళారు. దండ కొంచెం పక్కకి జరిపారు. దండ కింద బ్లేడు బొమ్మా, కంపెనీ పేరూ ఉన్నాయి.

గారెల పళ్ళెంతో లోపలికి వస్తున్న వరహాలమ్మ అక్కడే నిలబడిపోయింది.

“పైడయ్య గారూ,” అన్నారు గౌరీశ్వరి, ఇటు తిరక్కుండానే. “మా అన్నయ్య చామనచాయ. పళ్ళు కొంచెం ఎత్తు. మశూచికం మచ్చలుండేవి. చెరలో ఇంత తెల్లబడ్డాడా?”

“అమ్మగోరూ...”

“ఇంత అందగాడని తెలిస్తే అమ్మ సంబంధాల కోసం అన్ని ఊళ్ళు తిరిగేది కాదు.” ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నరసింహమూర్తి కంగారుపడి బల్ల ముందుకు జరిపాడు. ఆవిడ ఇటు తిరిగారు. నవ్వుతున్నారు. నవ్వుతూనే బల్ల మీద కూలబడ్డారు.

“నా కాడ పొటో నేదమ్మా,” అన్నాడు పైడయ్య నేలచూపులు చూస్తూ. “దండుండీసింది. పటం నేదు. మరేటి సెయ్యాల?”

“మా దగ్గరా లేదు. యూనిఫారంలో తీయించుకున్నది ఒక్కటే ఉండేది. అమ్మ పోయినప్పుడు ఆవిడతోనే పంపేశాం.” ఆవిడ మళ్ళీ పైకి చూశారు. “ఉండనివ్వండి. ఇన్నేళ్ళు దణ్ణాలు అందుకున్నాడు, పాపం, ఇప్పుడు దించితే బాగుండదు. ఇంటికి వచ్చిన అల్లుడిలా ఉన్నాడు.”

వరహాలమ్మ అప్పుడు ఊపిరి వదిలి గారెల పళ్ళెం ఆవిడ ముందు పెట్టింది. “తినండమ్మా. మడి గిడి అంతే మీ ఇష్టం. అల్లం ఏసినాను.”

ఆవిడ మడి మాటెత్తకుండా గారె తుంచుకున్నారు. దాంతో పైడయ్యకి సగం బరువు దిగింది. మిగతా సగం అడగవలసిన మాట దగ్గరే ఉంది.

“ఒక్కటి అడగాలని వచ్చాను,” అన్నారు ఆవిడ, రెండో గారె అందుకుంటూ.

“మీరడిగీ ముందు నానొకటి అడగాలమ్మా.” అనేశాడు పైడయ్య. అనేసి ఆగిపోయాడు. చేతులు చూసుకున్నాడు. ఖాళీ చేతులతో కేప్టెన్ గారి మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎదురుగా ఒక గెడ్డం ఉండాలి. అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఉన్న గెడ్డం నరసింహమూర్తిది.

“పంతులుగారూ, కూకోండి.”

“నేనా? నాకొద్దండి! శుక్రవారం మా నాన్నగారి పక్షమండి. మా కాంతం ఇంట్లోకి రానివ్వదు!”

“కూకోండి బావూ. గెడ్డం నేకపోతే నాకు మాట రాదు.”

నరసింహమూర్తి సాయం కోసం గౌరీశ్వరి గారి వైపు చూశాడు. అద్దె ఇంటావిడ ఆవిడ. “కూర్చోండి నరసింహమూర్తి గారూ,” అన్నారావిడ గారె నములుతూ. “కాంతానికి నేను చెబుతాను.” గడపలో ఎర్రయ్య ఆయన భుజాలు పట్టుకుని కుర్చీలోకి దించాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ పడింది. ఆయన కళ్ళు మూసుకుని పితృదేవతలకి క్షమాపణ చెప్పుకున్నాడు.

పైడయ్య నురగ పట్టించాడు. తీరిగ్గా, చెవి దగ్గర మొదలుపెట్టి. కత్తి ఎడం చెంప మీద మొదటి దారి వేసేసరికి గొంతు దారిలో పడింది.

“ఆ మద్దెన బావుకి ఒంట్లో బాగునేదమ్మా. అందరికీ అదే జబ్బు, కడుపు. లెగనేపోయీవోడు. ఐనా పొద్దున్నే ‘పైడయ్యా, గీయి’ అనీవోడు. ఆయాల మంగళారం. నాను మామూలుగానే ‘ఇయాల మంగళారం బావూ’ అన్నాను. బావు మామూలుగానే తిట్టినాడు. తిట్టీసి, ‘నీకు మా గౌరి కత సెప్పానేట్రా?’ అన్నాడు.”

గౌరీశ్వరి గారె కింద పెట్టారు.

“‘మా ఇంటికి కలెక్టరు దొర టీకి వచ్చినాడు. ఆదోరం. ఆదోరం మా ఇంట్లో పిల్లలందరికీ ఆముదం. గౌరి గళాసు పట్టుకుని తాగినట్టే సేసి, ముందు గదిలోకి పారిపోనాది. దొర టోపీ తీసి స్టూలు మీదెట్టినాడు, ఎల్లకిలా. గౌరి అటు సూసింది, ఇటు సూసింది. గళాసుడు ఆముదమూ టోపీలో పోసీసింది. నాను కిటికీలోంచి సూస్తన్నాను. ఇంతలో దొర లెగిసినాడు. మా నాన్నతో సేతులు కలిపినాడు. టోపీ అందుకున్నాడు. అందుకుని...’”

ఎడం చెంప పూర్తయింది. పైడయ్య చేయి కత్తితో సహా గాలిలో ఆగింది.

“అందుకుని, అన్నాడమ్మా. నవ్వు వచ్చీసింది బావుకి. ఒళ్ళంతా నవ్వు. తెగుతాదని నాను కత్తి ఇలగే ఎత్తి పట్టుకున్నాను, నవ్వు అవనిచ్చి గీద్దారని. నవ్వు అయిపోనాది. నాను సూస్తన్నాను. సూస్తన్నాను. మరి లెగనేదు.”

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు జారుతున్న చప్పుడు గోడ అవతలినుంచి వినిపిస్తోంది.

“రెండో సెంప కూడా నిమ్మళంగా గీసీసినానమ్మా. ఒంటి సెంపతో పంపితే బావు ఊరుకుంటాడేటి? అదయ్యాకే అందరినీ పిలిసినాను.”

నరసింహమూర్తి ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, కళ్ళు మాత్రం తెరిచి అద్దంలోకి చూస్తున్నాడు. ఆ కళ్ళు తడిశాయి. సబ్బు వల్ల అని ఆయన తరవాత చెప్పుకున్నాడు.

“అందుకే అడుగుతన్నానమ్మా,” అన్నాడు పైడయ్య. “టోపీ అందుకుని, దొర ఏటి సేసినాడు?”

గౌరీశ్వరి గారు సంచిలోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. కాసేపు గడప అవతల ఎండలోకి చూశారు. అటు చూస్తుండగానే మూతి మూలలు కదిలాయి.

“పెట్టుకున్నాడు,” అన్నారు.

“పెట్టీసుకున్నాడా!”

“నిండా పెట్టుకున్నాడు. ఆముదం కదా, తొందరపడదు. మొదట ఏమీ లేదు. నాన్నగారితో వానల గురించి మాట్లాడుతున్నాడు. ఇంతలో నుదుటి మీద ఒక ధార. తరవాత రెండు చెవుల పక్కనుంచీ. మీసం దగ్గరికొచ్చి ఆగింది. దొర నాలిక చాచి కొంచెం రుచి చూశాడు. తలుపు వెనక అమ్మ ‘రామ రామ’ అంది. నాన్నగారు ప్లీడరు కదా. కోర్టులో ఏనాడూ మాట తడుముకోని మనిషి. లేచి నిలబడి, నమస్కారం పెట్టి, ‘సర్, ఇది మా ఆచారం. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళకి తలంటి పంపుతాం. మిమ్మల్ని తాకడం మర్యాద కాదు గనక టోపీలో పోశాం’ అన్నారు.”

గడపలో ఎర్రయ్య “ఓర్నాయనో” అని నేల మీద చతికిలబడ్డాడు.

“నమ్మినాడా దొర?”

“నమ్మడమా! నాన్నగారికి రెండుసార్లు థాంక్స్ చెప్పాడు. ఆ తరవాత ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా టోపీ వెల్లకిలా పెట్టేవాడట. వెళ్ళేటప్పుడు ముందు లోపలికి చూసుకునేవాడట. ఖాళీగా ఉంటే, వీళ్ళకి మనమంటే గౌరవం లేదని చిన్నబుచ్చుకునేవాడట. జమీందారు గారి దివాను విషయం తెలుసుకుని, ఆముదం కాస్త మోటుగా ఉంటుందని సంపెంగ నూనె పోయించాడు!”

పైడయ్యకి నవ్వు మొదలైంది. అది పొట్టలోంచి వచ్చి, వంగిన మెడని నిటారుగా చేసి, దుకాణం చూరు దాకా వెళ్ళింది. వరహాలమ్మ మొగుడు అలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు. ముందు భయపడింది, తరవాత ఆవిడా అందుకుంది.

“కత్తి! కత్తండీ బాబూ! కత్తి పక్కన పెట్టి నవ్వండి!” అని కుర్చీలోంచి కేక వినిపించింది.

“నాను దొర తుపాకీ తీసినాడనుకున్నానమ్మా!” అన్నాడు పైడయ్య కళ్ళు తుడుచుకుంటూ. “ఒకేడు టోపీ ఇసిరీసి పారిపోనాడనుకున్నాను. ఒకేడు ఆముదం కాలికింద పడి మీ అయ్యగోరు జారిపోనట్టు అనుకున్నాను. ఎన్ని అనుకున్నానో! తలంటు మాత్రం నాకు తట్టనేదు తల్లీ!”

“దెబ్బలు ఎవరికి పడ్డాయో అన్నయ్య చెప్పి ఉండడు.”

“సెప్పనేదు.”

“తనే పోశానని నాన్నగారితో చెప్పాడు. చింతబరికె విరిగింది. నాకు ఏమీ తగల్లేదు. పైగా వాడు కిటికీలోంచి చూసి నవ్వినందుకు ఇంకో రెండు ఎక్కువ పడ్డాయి.”

అప్పటికే కథ గడప దాటింది. ఎర్రయ్య బయటికి వెళ్ళి గోడవారన మొదటివాడికి చెప్పాడు, వాడు పక్కవాడికి చెప్పాడు. నవ్వు ఐసు ఫ్యాక్టరీ గోడ పొడవునా ఒక్కొక్కరినీ అంటుకుంటూ పోయింది. బారు చివరికి చేరేసరికి దొర వైస్రాయి అయ్యాడు, గళాసు బిందె అయింది. చివరివాడు, “ఈ కేప్టెను బావు సెల్లెలే గనక బోటు మీద సెయ్యేస్తే ఏకంగా తిమింగిలమే పడతాది” అన్నాడు.

నరసింహమూర్తికి రెండో చెంప కూడా పూర్తయింది. అద్దంలో పగులుకి అటూ ఇటూ చూసుకుని, “శుభ్రంగా ఉందండి,” అని ఒప్పుకున్నాడు. “పాపం సంగతి శుక్రవారం చూసుకుంటాను.”

గౌరీశ్వరి గారు చాలాసేపే కూర్చున్నారు. గెడ్డం తరవాత గెడ్డం కుర్చీ ఎక్కుతుంటే, పైడయ్య కథ తరవాత కథ చెప్పాడు. బూడిద నీళ్ళ కథ, కాపలా సిపాయి తనకీ గెడ్డం గీయమని వచ్చి కూర్చున్న కథ, వరసలో నిలబెట్టి లెక్కపెడుతుంటే కేప్టెన్ గారు ప్రతిసారీ తుమ్మి లెక్క తప్పించిన కథ. కొన్ని చోట్ల ఆవిడ సరిదిద్దారు. “వాడు తుమ్మడు, తుమ్మినట్టు చేస్తాడు. చిన్నప్పటినుంచీ అంతే. ఎక్కాలు అప్పజెప్పమన్నప్పుడూ ఇదే పని.” రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ, నవ్వుతూ, మళ్ళీ ఒత్తుకుంటూ, వరహాలమ్మ పళ్ళెం ఖాళీ చేశారు.

మధ్యాహ్నం రిక్షా వచ్చింది. వరహాలమ్మ ఆవిడకి బొట్టు పెట్టబోయి, ఆగి, “పెట్టొచ్చేటమ్మా?” అంది. “ఎందుకు పెట్టకూడదు?” అని ఆవిడ నుదురు ముందుకు వంచారు. బారులో మిగిలినవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎర్రయ్య ఎప్పుడు తెచ్చాడో, కాగితంలో చుట్టిన ఎండు రొయ్యలు ఆవిడ చేతిలో పెట్టి, అంతలోనే నాలిక కరుచుకున్నాడు. ఆవిడ ఆ పొట్లం గంభీరంగా నరసింహమూర్తి సైకిలు సంచిలో వేశారు. ఆయన ముఖం చూసి మళ్ళీ అందరూ నవ్వారు.

రిక్షా ఎక్కి కూర్చున్నాక ఆవిడ కనుబొమలు ముడిచారు.

“పైడయ్య గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చాను. ఏమిటది?”

“ఏటమ్మా?”

“గుర్తు రావడం లేదు. ఇన్నేళ్ళూ, వాడితో ఉన్నవాళ్ళెవరైనా దొరికితే అదే అడగాలనుకున్నాను, చూడండి. నవ్వుల్లో పోయింది.” ఆవిడ తల విదిలించారు. “పోనీ. వచ్చే ఏడు గుర్తొస్తే అడుగుతాను.”

“రాకపోతే?”

“రాకపోతే గారెలు తిని వెళతాను,” అన్నారు. రిక్షావాడు తొక్కాడు. ఆవిడ హార్బరు గేటు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నట్టు వీపు చెబుతోంది.

పైడయ్య లోపలికి వచ్చాడు. “రండి, ఎవురిది వంతు?” అని కేకేశాడు. గడపలోకి వచ్చినవాడిని కుర్చీ ఎక్కమని చెప్పి, గుడ్డ దులుపుతూ బల్ల వైపు చూశాడు. ఖాళీ గారెల పళ్ళెం పక్కన ఆవిడ మర్చిపోయిన తెల్ల రుమాలు ఉంది. మిగతా రుమాలంతా నలిగి, తడిసి ఉంది గాని, ఒక మూల మాత్రం పొడిగానే ఉంది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు, ఏదో మర్చిపోకుండా అడగాలని వేసుకున్న గట్టి ముడి ఒకటి అక్కడ ఇంకా విప్పకుండా ఉంది.